దిగే ఎద్దు, ఎక్కే నీరు

బరువును పైకి ఎత్తడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయాలలో బలాన్ని పెంచేవి కొన్ని, బలం పనిచేసే దిక్కును మార్చేవి కొన్ని. మొదటి రకానికి పాఠ్యపుస్తకాలలో దక్కిన గౌరవం రెండవ రకానికి దక్కలేదు. స్థిర కప్పీ వల్ల, అంటే ఒకచోట కదలకుండా బిగించిన గిలక వల్ల, యాంత్రిక లాభం ఏమీ ఉండదని, పది కిలోలు ఎత్తాలంటే పది కిలోల బలంతోనే లాగాలని బడిలో చెప్పి, అక్కడితో దానిని వదిలేసి, కదిలే కప్పీల లెక్కలలోకి వెళ్లిపోతారు. అయితే ఆ లాభం లేని గిలకే తెలుగు నేలమీద మెట్ట సేద్యానికి కొన్ని వందల ఏళ్లు నీళ్లు పోసింది. అమెరికాలో యోసెమిటీ లోయలోని నిట్టనిలువు రాతి గోడలను ఎక్కినవారు 1960లలో తమ మూటలను పైకి లాగుకోవడానికి ఎన్నుకున్నదీ అదే. ఇద్దరూ గ్రహించిన సంగతి ఒక్కటే: గిలక మీదుగా తాడు వేస్తే బరువు పైకి పోవడానికి లాగేవాడు కిందికి పోవచ్చు, కిందికి పోవడానికి కండబలంతో పాటు సొంత బరువు కూడా తోడవుతుంది.

ఈ సూత్రానికి గిలక అయినా తప్పనిసరి కాదు. రాయ్‌పూర్ చుట్టుపక్కల ఛత్తీస్‌గఢీ రైతులు ఇంటి వెనుక కూరగాయల పెరడును బారీ అంటారు, ఆ పెరటి బావి మీద నిలిపే వెదురు సాధనాన్ని టేడా అంటారు. నిలువు కొయ్య మీద తూగే పొడవాటి వెదురుకు ఒక కొసన బొక్కెన, రెండవ కొసన రాయో మొద్దో కట్టి ఉంటాయి. ఖాళీ బొక్కెనను బావిలోకి దింపేటప్పుడు మనిషి తాడును కిందికి లాగి రాతిని పైకి లేపుతాడు, నిండిన బొక్కెనను ఆ రాయే పైకి లేపుతుంది. తెలుగువారి ఏతం దీనికి తోబుట్టువే గాని, పెద్ద ఏతంలో రాతికి బదులు మనిషే బరువవుతాడు. ఏతపు మాను మీద ఒకరిద్దరు ముందుకూ వెనుకకూ నడుస్తూ ఉంటే, వారు ముందుకు వచ్చినప్పుడు బాన నీటిలో మునుగుతుంది, వెనుకకు నడిచినప్పుడు పైకి వస్తుంది. చేతులతో చేదడం కంటే కాళ్లతో నడవడం మనిషికి సులువన్నది ఆ అమరికలోని తెలివి. మాను పొడవుకు ఒక హద్దు ఉన్నది గనుక ఏతం తోడగలిగే లోతుకు కూడా హద్దు ఉన్నది. నీరు నాలుగైదు మీటర్ల కంటే కిందికి దిగిన చోట, అంటే తెలంగాణ, రాయలసీమల రాతి భూములలో, మాను చాలక తాడు కావలసి వచ్చింది, తాడుతో పాటు గిలక, గిలకతో పాటు ఎద్దులు వచ్చాయి.

తెలంగాణలో మోట అని, రాయలసీమలో, నెల్లూరు ప్రాంతంలో కపిల అని పిలిచిన ఈ ఏర్పాటు నిర్మాణం స్థూలంగా ఇట్లా ఉండేది. నలుచదరంగానో గుండ్రంగానో తవ్విన దిగుడు బావి ఒక ఒడ్డున రెండు బలమైన రాతి లేక కొయ్య స్తంభాలు నిలిపి, వాటి నడుమ బావిలోకి తొంగిచూస్తున్నట్టుగా పెద్ద గిలకను అమర్చేవారు. ఆ ఒడ్డు నుంచి వెనుకకు ఏటవాలుగా దిగే దారి ఒకటి ఉండేది. బావి తవ్వినప్పుడు వచ్చిన మట్టినే ఒడ్డున ఎత్తుగా పోసి, దారి చివరను నేల మట్టానికి కిందికి తవ్వి ఆ వాలును సాధించేవారు. వాలు దారి పొడవు బావిలో నీటి లోతుకు సరిపోవాలి, ఎందుకంటే ఎద్దులు ఎన్ని అడుగులు దిగితే నీటి సంచి అన్ని అడుగులే ఎక్కుతుంది. అందుచేత పాడుబడిన మోటబావి పక్కన ఆ దారి ఆనవాలు మిగిలి ఉంటే, దాని పొడవును కొలిచి ఒకనాడు ఆ బావిలో నీరు ఎంత లోతున ఉండేదో అంచనా కట్టవచ్చు. భూగర్భ జలాల చరిత్ర రాసేవారికి ఇది పనికివచ్చే కొలమానమే గాని, దాని జోలికి పోయినవారు అరుదు.

తోలుసంచిని ఎద్దులతో లాగించే పద్ధతి తెలుగువారికే సొంతమైనది కాదు. హిందుస్తాన్‌ను 1526లో జయించిన బాబర్ తన ఆత్మకథలో ఈ దేశపు సాగునీటి సాధనాలను వర్ణిస్తూ, లాహోర్ వైపు కనిపించే కుండల చక్రం గురించి వివరంగా రాశాడు. ఆగ్రా, చంద్వార్, బయానా ప్రాంతాలలో ఎద్దుతో బొక్కెన లాగించే తీరును మాత్రం శ్రమతో కూడినదని, మురికిదని ఈసడించాడు. ఎద్దును తోలడానికి ఒకడు, పైకి వచ్చిన బొక్కెనను ఒంపడానికి మరొకడు కావాలని, ఎద్దు తిరిగి వచ్చిన ప్రతిసారీ తాడు పేడలో, మూత్రంలో పొర్లి మళ్లీ బావిలోకే దిగుతుందని ఆయన అభ్యంతరం. రెండవ మాటకు జవాబు లేదు. మొదటి దానికి మాత్రం దక్కన్‌లోనూ దక్షిణాదిలోనూ వాడుకలో ఉన్న మోట చక్కని జవాబు చెప్పింది, అదే తొండం.

మోట సంచి అడుగు మూసి ఉండదు. అక్కడ ఏనుగు తొండంలా సన్నగా పొడవుగా సాగిన తోలుగొట్టం ఒకటి కలిపి కుట్టి ఉంటుంది. సంచి మూతికి కట్టిన లావుపాటి తాడును మోకు అంటారు, అది పై గిలక మీదుగా ఎద్దుల కాడికి పోతుంది. తొండం కొసకు కట్టిన సన్నతాడు బావి ఒడ్డునే, నీటి తొట్టి అంచున, తక్కువ ఎత్తులో పడుకోబెట్టిన పొడవాటి కొయ్య రోలరు మీదుగా అదే కాడికి పోతుంది. సంచి నీటిలో నుంచి లేచినప్పటి నుంచి ఒడ్డు చేరేదాకా రెండు తాళ్లూ ఒకే వేగంతో కదులుతాయి గనుక, తొండం సంచి పక్కనే పైకి మడిచినట్టుగా నిలిచి, దాని కొస నీటి మట్టానికి పైనే ఉండి, చుక్క కూడా కారదు. ఒడ్డు చేరగానే సంచి పై గిలక వైపు ఇంకా ఎక్కుతూ పోతుంది, తొండం మాత్రం కింది రోలరు మీదుగా తొట్టివైపు సాగి చాపుకుంటుంది. ఆ క్షణాన నీరంతా దానంతట అదే తొట్టిలోకి దూకుతుంది. ఒంపడానికి రెండవ మనిషి అక్కరలేదు. కొక్కెం, తలుపు, మర ఏదీ లేకుండా, రెండు తాళ్లు రెండు వేరు వేరు ఎత్తుల మీదుగా పోవడం ఒక్కదానితోనే సాధించిన ఈ స్వయంచాలకత్వం గిలకల చరిత్రలో ఎక్కడైనా చెప్పుకోదగ్గది. బాబర్ చూసిన బావుల దగ్గర అది ఉండి ఉంటే ఆయన రాత కొంచెం మెత్తబడేదేమో.

ఎద్దుల వైపు చూస్తే లెక్క మరింత ఆసక్తికరంగా ఉంటుంది. ఉదాహరణకు ఒక్కొక్కటి 300 కిలోలు తూగే జత ఎద్దులు నాలుగు అడుగులకు ఒక అడుగు దిగే వాలు మీద నడుస్తున్నాయనుకుంటే, వాటి మొత్తం 600 కిలోల బరువులో దాదాపు నాలుగవ వంతు, అంటే సుమారు 145 కిలోలు, వాలు వెంబడి కిందికి లాగుతూ ఉంటుంది. మోట సంచిలో 150 లీటర్ల నీరు ఉంటే ఆ నీటి బరువులో చాలా భాగానికి ఎద్దుల బరువే సరితూగుతుంది. వాటి కాళ్ల బలం తోలు బరువును, రాపిడిని దాటడానికి, సంచిని కదిలించడానికి ఖర్చయితే చాలు. దానికి తోడు మోట కొట్టే మనిషి దిగే వేళ కాడి వెనుక మోకు మీద ఎక్కి కూర్చునేవాడు. పరదేశి యాత్రికులకు అది సోమరితనంగా కనిపించి ఉండవచ్చు గాని, అతని శరీరపు బరువు కూడా ఆ తాడు మీదే పడి ఎద్దుల భారాన్ని కొంత తగ్గించేది. సంచి ఖాళీ కాగానే ఎద్దులు వాలు మీద వెనకడుగులు వేస్తూ ఎక్కేవి, ఆ అడుగులతోనే ఖాళీ సంచి బావిలోకి దిగేది. ఎద్దులకు వెనుకకు నడవడం నేర్పడానికి కొంతకాలం పట్టేది. కొన్ని ప్రాంతాలలో ఆ శిక్షణ జోలికి పోకుండా మోకును కాడి నుంచి విప్పి, ఎద్దులను తిప్పి నడిపించుకు వచ్చే పద్ధతి ఉండేది. దానివల్ల ఎద్దులకు సుఖమే గాని కాలం, మనిషి రెండూ ఎక్కువ ఖర్చయ్యేవి.

వాలువల్ల పని తగ్గిందనుకోవడం పొరపాటు. దిగేటప్పుడు బరువు చేసి పెట్టిన పనిని ఎక్కేటప్పుడు ఎద్దులు తిరిగి తీర్చుకోవలసిందే, తమ 600 కిలోలను మళ్లీ ఒడ్డుదాకా ఎత్తుకోవలసిందే. మారింది పనిని పంచుకున్న తీరు. చదునైన నేల మీదనైతే ఎద్దులు పోయేటప్పుడు మొత్తం బరువును ఒక్క ఊపున లాగి, వచ్చేటప్పుడు ఊరికే నడిచి వస్తాయి. వాలు మీద బరువు లాగే వేళ కష్టం తగ్గి, ఖాళీగా వచ్చే వేళకు కొంత కష్టం వాయిదా పడుతుంది. రోజంతా వందల సార్లు చేసే పనిలో ఒక్కసారిగా పడే గరిష్ఠ శ్రమను తగ్గించడం ఎంత ముఖ్యమో కండరాలున్న ప్రాణి దేనికైనా తెలుసు.

రాపిడి సంగతి వడ్రంగి చేతిలో ఉండేది. గిలక మీదుగా తాడు పోయేటప్పుడు నష్టం రెండు చోట్ల జరుగుతుంది. తాడు వంగి మళ్లీ సాగడంలో కొంత, గిలక తన ఇరుసు మీద తిరగడంలో కొంత. రెండవ నష్టం ఇరుసు లావుకూ గిలక వెడల్పుకూ ఉన్న నిష్పత్తిని బట్టి ఉంటుంది. 60 సెంటీమీటర్ల గిలకకు 5 సెంటీమీటర్ల ఇరుసు ఉంటే, ఇరుసు దగ్గర పుట్టిన రాపిడి తాడు దగ్గరకు వచ్చేసరికి పన్నెండవ వంతుకు తగ్గిపోతుంది. కందెన పూసిన కొయ్య ఇరుసుకు కూడా ఈ లెక్కన నష్టం నూటికి రెండు మూడు పాళ్లకు మించదు. చిన్న గిలకకు లావు ఇరుసు వేస్తే ఎంత నూనె పోసినా ఈ సుఖం రాదు. పెద్ద గిలక వల్ల తాడు తక్కువ వంపుతో తిరిగి, నార పోగులు తెగకుండా ఎక్కువ కాలం మన్నేది కూడా. ఆముదంలో కాల్చిన గడ్డి మసి కలిపి చేసే కందెన బండి ఇరుసుకూ మోట గిలకకూ ఒకటే. అది ఎండిపోయిన సంగతిని గిలక కిర్రుమంటూ ఊరంతటికీ చాటేది.

ఈ వస్తువులు ఏవీ సంతలో కొనేవి కావు. గిలకను, స్తంభాల మీది దూలాన్ని వడ్రంగి చేసేవాడు, ఇనుప కడియాలు కమ్మరి కొట్టేవాడు, సంచిని, తొండాన్ని, తోలు పట్టెడలను మాదిగలు కుట్టేవారు. ఇందుకు ప్రతిఫలంగా కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు వారి వంతు తీసిపెట్టేవారు, దానిని మేర అనేవారు. నీటిలో నానుతూ ఎండలో ఎండుతూ ఉండే తోలుకు తరచుగా మరమ్మతు కావలసిందే గనుక, మోట నడిచినన్నాళ్లు మాదిగ చేతి పని లేనిదే ఏ ఆసామి చేనూ తడవలేదు. ఆ పనికి దక్కిన విలువ మాత్రం వేరు. నిజాం రాజ్యంలోని తెలంగాణలో వెట్టి తీరులను వర్ణించిన పుచ్చలపల్లి సుందరయ్య, బావుల నుంచి నీరు తోడే తోలు సామగ్రి కూడా దొరలకు మాదిగలు ఊరకే సమకూర్చవలసిన వాటిలో ఉండేదని తన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశాడు. యంత్రపు లాభాన్ని లెక్కకట్టేటప్పుడు తొండం కుట్టినవారికి ముట్టనిది కూడా ఆ లెక్కలో చేరాలి.

రైతు పరిధి దాటి రాజుల పరిధిలోకి వెళితే, గోల్కొండ కోటలో నీటిని ఒకే ఊపున కొండ మీదికి ఎక్కించకుండా, కింది తొట్టి నుంచి పై తొట్టికి అంచెలంచెలుగా చక్రాలతో తోడి, మట్టి గొట్టాల ద్వారా మహళ్లకు పంపారు. ఎత్తును ముక్కలు చేసుకోవడం అక్కడి సూత్రం. అది కూడా ఎత్తైన రాతి గోడ ఎక్కేవారికి ముందుముందు పనికివచ్చేదే.

ఇంగ్లీషువారి దృష్టి మోట మీద పడటానికి కారణం కరువులు. జాన్ అగస్టస్ వోల్కర్ భారత వ్యవసాయం మీద 1893లో వెలువరించిన నివేదిక బావులకూ నీరు తోడే సాధనాలకూ గణనీయమైన చోటు ఇచ్చింది. మద్రాసు ఇంజనీరింగ్ కళాశాలలో ఆచార్యుడిగా ఉండి తరువాత పరిశ్రమల శాఖను నడిపిన ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్, ఏతం, కపిలల పనితనాన్ని కొలిచి, వాటి స్థానంలో నూనె ఇంజన్లతో నడిచే పంపులను పెట్టించడానికి ఇరవయ్యవ శతాబ్దపు తొలి ఏళ్లలో పాటుపడ్డాడు. ఆయన ఎత్తిపోతల సాగు మీద రాసిన పుస్తకం 1912లో వెలువడింది. ఎద్దులు గుండ్రంగా తిరుగుతూ ఉంటే ఒక సంచి ఎక్కుతుండగా మరొకటి దిగేట్టు జంట మోటలను కూడా ఆ కాలంలో కొందరు రూపొందించారు. ఖాళీ సంచి బరువు నిండిన సంచికి కొంత సరితూగడం వల్ల వాటిలో లాభం ఉన్నమాట నిజమే. అయితే వాలు దారి మీద ఎద్దుల బరువు చేసే సాయం చదునైన గుండ్రపు దారిలో పోయింది, మరమ్మతుకు ఊరి వడ్రంగి చాలక పట్నం మెకానిక్కు కావలసి వచ్చింది, అందుచేత పాత మోట వాటిని సులువుగానే తట్టుకుని నిలిచింది. దానిని నిజంగా పడగొట్టింది కరెంటు. స్వాతంత్ర్యం తరువాత పల్లెలకు విద్యుత్తు చేరిన క్రమంలోనే మోటలు ఆగాయి, ఆ పైన బోరు బావులు మోటబావుల నీటినే ఎండగట్టాయి.

గిలకకు తెలుగులో ఉన్న రెండవ పేరు కప్పీ. బావి దగ్గర గిలక అనే మనిషే ఓడ దగ్గర, రేవు దగ్గర కప్పీ అంటాడు, ఆ సముద్రపు మాటనే భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు స్వీకరించాయి. తెరచాప ఓడలో వందల కొద్దీ కప్పీలు కావాలి. బ్రిటిష్ నౌకాదళం కోసం పోర్ట్స్‌మత్‌లో మార్క్ బ్రూనెల్ రూపొందించిన యంత్రాలు 1808 నాటికి ఏడాదికి 1,30,000 కప్పీలు తయారుచేశాయి. యంత్ర పరికరాలతో వస్తువులను పెద్ద ఎత్తున తయారుచేయడానికి లోకంలో తొలి ఉదాహరణలలో ఒకటిగా దానిని చెబుతారు. గోదావరి ముఖద్వారాన ఓడల నిర్మాణానికి పేరుపడ్డ కోరంగి రేవు 1839 తుపానులో తుడిచిపెట్టుకుపోయేదాకా, తెలుగు తీరపు పనివారికి కప్పీ, తాడు నిత్య పరిచయమే. ఓడ మీద తాళ్లు లాగేవాడికి కలాసీ అని పేరు. ఆ పేరు ఓడ దిగి నేల మీదికి వచ్చి, ఉత్తరాంధ్రలో బస్తాలు మోసే కూలీకీ, రైల్వేలో బరువు పనులు చేసే అట్టడుగు ఉద్యోగికీ స్థిరపడింది.

కలాసీ మాటతో పాటు మనుషులు కూడా రైలు దారి పట్టి లోపలికి వెళ్లారు. మధ్య పరగణాల ఖనిజాలను సముద్రానికి చేర్చడానికి విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా తూర్పు కనుమలను దాటించి వేసిన రైలు మార్గం 1931 నాటికి రాయ్‌పూర్‌తో పూర్తిగా కలిసింది, దానికి అవతలి కొసన ఉన్న విశాఖపట్నం ఓడరేవును వైస్రాయ్ లార్డ్ విల్లింగ్‌డన్ 1933 డిసెంబరు 19న లాంఛనంగా తెరిచాడు. ఆ దారి వెంట తెలుగు కుటుంబాలు రాయ్‌పూర్‌కు చేరి రైల్వే పనులలో కుదురుకున్నాయి. స్టేషనుకు ఆనుకుని పట్టాలకు అవతల ఉన్న గుఢియారీ పేట ఆ రైలు లోకపు అంచున ఉంది. పాతకాలపు సిగ్నళ్లు పనిచేసింది కూడా గిలకల మీదే. క్యాబిన్‌లో మీట వంచితే, పట్టాల పక్కన మేకులకు బిగించిన చిన్న చిన్న గిలకల వరుస మీదుగా తీగ సాగి, ఎంతో దూరాన ఉన్న సిగ్నలు చేతిని కదిలించేది. తీగ తెగితే ఆ చేయి బరువు సాయంతో తనంతట తానే ప్రమాద సూచన వైపు పడేట్టు అమర్చి ఉండేది. ఆ గిలకలకు నూనె వేసి, ఎండకు సాగిన తీగను బిగించి ఉంచడం సిగ్నలు కలాసీల పని.

ఆ తరువాతి దశాబ్దాలలో, రేవుతోనూ సేద్యంతోనూ సంబంధం లేని మరొక లోకంలో బరువు లాగే సమస్య కొత్తగా తలెత్తింది. యోసెమిటీ లోయలో ఎల్ కాపిటాన్ అనే నల్లసేనపు రాతి గోడ సుమారు 900 మీటర్ల ఎత్తున నిలువుగా లేస్తుంది. దానిని ఒక్కరోజులో ఎక్కడం ఆనాటి ఊహకు అందనిది గనుక, రోజుల తరబడి గోడ మీదే తిని, గోడ మీదే పడుకోవలసి వచ్చింది. ఆ రోజులకు సరిపడా సామాను వీపున మోస్తూ ఎక్కడం కుదరదు. ఈ సామానులో అన్నిటికంటే బరువైనది నీరు. మనిషికి రోజుకు 4 లీటర్ల చొప్పున ఇద్దరికి అయిదు రోజులకు 40 లీటర్లు, అంటే 40 కిలోలు. గుడారం, తిండి, ఉక్కు మేకులు దాని తరువాతవే. మోటలో ఎక్కింది నీరే, రాతి గోడ మీద ఎక్కిందీ ముఖ్యంగా నీరే.

ఎల్ కాపిటాన్ ముక్కులా పొడుచుకు వచ్చిన అంచు మీదుగా వారెన్ హార్డింగ్, వేన్ మెర్రీ, జార్జ్ విట్‌మోర్ 1958 నవంబరు 12న శిఖరం చేరారు. పద్దెనిమిది నెలల కాలంలో విడతలు విడతలుగా 45 రోజులు గోడ మీద గడిపిన ఆ ప్రయత్నంలో, బిల్ ఫాయరర్ అనే సహచరుడు సామాను లాగడానికి సైకిలు చక్రాలు అమర్చిన చిన్న బండిని తయారుచేశాడు. గోడ మీద బండి అన్న ఆలోచన నవ్వు పుట్టించేదే. రెండేళ్ల తరువాత రాయల్ రాబిన్స్, జో ఫిచెన్, చక్ ప్రాట్, టామ్ ఫ్రాస్ట్ అదే దారిని ఏకబిగిన ఏడు రోజులలో ముగించారు. నేల నుంచి కట్టి ఉంచిన తాళ్ల గొలుసు లేకుండా ఏకబిగిన ఎక్కాలంటే సామాను తమతోపాటే రావాలి, కాబట్టి లాగే పద్ధతి త్వరగా, తేలికగా ఉండి తీరాలి.

రాబిన్స్ ఆ దశకంలో రూపొందించి వ్యాప్తిలోకి తెచ్చిన పద్ధతిలో ఒక గిలక, రెండు జుమార్‌లు ఉంటాయి. జుమార్ అనేది తాడు మీద ఒకవైపు జారి మరొకవైపు పళ్లతో పట్టుకునే పిడి. అడాల్ఫ్ యూసీ, వాల్టర్ మార్టీ అనే ఇద్దరు స్విస్ దేశస్థులు 1958లో దానిని చేశారు, వారి ఇంటిపేర్ల తొలి అక్షరాలే దాని పేరయ్యాయి. గోడకు దిగ్గొట్టిన బలమైన ఆధారానికి గిలకను తగిలించి, సామాను సంచి తాడును దాని మీదుగా వేసి, సంచి వైపున ఒక జుమార్‌ను తలకిందులుగా కట్టితే, పైకి వచ్చిన తాడు మళ్లీ కిందికి జారదు. రెండవ జుమార్‌ను లాగే వైపు తాడుకు పట్టించి నడుముకు కట్టుకుని, ఎక్కేవాడు తన శరీరాన్నంతటినీ దాని మీద వదిలి కిందికి కుంగుతాడు, సంచి ఒక మీటరో అరమీటరో లేస్తుంది. జుమార్‌ను పైకి జరుపుకుని మళ్లీ కుంగుతాడు. సంచి మరీ బరువైనప్పుడు అతను గోడను విడిచి గాలిలో తాడు మీద వేలాడుతూ చాలా దూరం దిగిపోయి, తరువాత తాడు ఎక్కి తిరిగి వస్తాడు. దిగేటప్పుడు సంచిని ఎత్తిన బరువును తిరిగి వచ్చేటప్పుడు తానే ఎత్తుకోవలసిన ఈ తీరు, వాలు మీది ఎద్దుల తీరే. మోటలో లేనిది ఒక్కటే, బరువును పట్టి నిలిపే పళ్ల బిళ్ల. ఎద్దు అలసి ఆగితే సంచి జారిపోకుండా ఆపేది ఎద్దు కాళ్లు తప్ప మరేమీ లేదు.

ఇక్కడ గిలక నాణ్యత మనిషి ప్రయాసను నేరుగా నిర్ణయిస్తుంది. 70 కిలోలు తూగే మనిషి బంతుల బేరింగు ఉన్న గిలక మీద, నూటికి 95 పాళ్లు బలం అవతలికి చేరుతుందనుకుంటే, తన బరువు ఒక్కదానితోనే 66 కిలోలను నిలబెట్టగలడు. బేరింగు లేకుండా గొట్టం మీద తిరిగే మామూలు చిన్న గిలకలో నూటికి 70 పాళ్ల వరకే చేరితే 49 కిలోలే. గిలక అసలే లేకుండా కారాబినర్ అనే లోహపు కొక్కెం మీద తాడును జారనిస్తే సగం బలం రాపిడికే పోయి 35 కిలోల దగ్గర ఆగిపోతుంది. జేబులో పట్టే గిలకకు మోట గిలక వెడల్పు ఉండదు గనుక, ఇరుసుకూ చక్రానికీ ఉండవలసిన నిష్పత్తిలో కోల్పోయిన దానిని బేరింగు తిరిగి సంపాదించి పెడుతుంది.

బరువు ఇంకా ఎక్కువైతే కదిలే కప్పీల వైపు పోక తప్పదు. తాడును ఆధారం దగ్గరి గిలక మీదుగా కిందికి తెచ్చి, బరువు వైపు తాడుకు జుమార్‌తో తగిలించిన రెండవ గిలక గుండా మళ్లీ పైకి తిప్పితే, పుస్తకం ప్రకారం మూడింతల లాభం వస్తుంది. గిలకలు ఒక్కొక్కటి నూటికి 90 పాళ్లు పనిచేస్తే మనిషి లాగిన ఒక వంతుకు మొదట ఒకటి, రెండవ పోగులో 0.9, మూడవ దానిలో 0.81 కలిసి 2.71 వంతులు దక్కుతాయి. గిలకలకు బదులు కారాబినర్లు వాడితే ఒకటి, అర, పావు కలిసి 1.75 దగ్గరే ఆగుతుంది. బరువు ఒక మీటరు లేవడానికి తాడును మూడు మీటర్లు లాగడం మాత్రం రెండు సందర్భాలలోనూ తప్పదు. రాపిడి లాభాన్నే తింటుంది గాని శ్రమ దూరాన్ని తగ్గించదు. అందువల్లనే అనుభవజ్ఞులు బరువు అనుమతించినంత వరకు ఒకే గిలకతో, సొంత బరువుతో లాగడానికే మొగ్గు చూపుతారు. ఆర్కిమిడీస్ జంట కప్పీలతో ఒంటిచేత్తో ఓడను లాగాడని ప్లూటార్క్ చెప్పిన కథ ఎంత గొప్పదైనా, ఆయన ఎన్ని బారల తాడు లాగవలసి వచ్చిందో ఆ కథ చెప్పదు. గఢ్వాల్ హిమాలయాలలో 6,310 మీటర్ల మేరు మధ్య శిఖరపు గోడను 2011లో కాన్రాడ్ ఆంకర్, జిమ్మీ చిన్, రెనాన్ ఓజ్‌తుర్క్ ఎక్కినప్పుడు సుమారు 90 కిలోల సామానును తమ వెంట లాగుకుపోయారు. గాలి పలచనైన ఆ ఎత్తున ప్రతి కుంగుడుకూ ఆగి ఊపిరి తీసుకోవలసిందే.

తెలుగునాట అంతటి నిలువు గోడలను రోజుల తరబడి ఎక్కే ఆచారం లేదు. కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుడి పేరుతో, అంటే ఆయన త్రిభువనమల్ల బిరుదుతో, ముడిపడి ఉన్న భువనగిరి కోట నిలిచిన ఏకశిల ఇక్కడి శిలారోహణకు పాఠశాల అయింది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్, శిక్షకుడు శేఖర్‌బాబు దగ్గర తొలి పాఠాలు ఆ బండ మీదే నేర్చి, 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు ఇంకా నిండలేదు. ఆ బండ చుట్టుపక్కల పల్లెలలో గౌండ్లు తాటిచెట్టు ఎక్కడానికి నడుముకూ చెట్టుకూ కలిపి వేసుకునే తాడు పేరు కూడా మోకే. బావిలో నీటిని ఎత్తే తాడుకూ, చెట్టు మీద మనిషిని నిలిపే తాడుకూ భాష ఒకే పేరు పెట్టింది.

మళ్లీ రాయ్‌పూర్‌కు వస్తే, గుఢియారీ పక్కనుంచి పోయే హావ్‌రా–ముంబయి ప్రధాన మార్గం విద్యుత్తు మార్గం కావడంతో, గిలక, తాడు, బరువు అక్కడ మరొక రూపంలో నిలిచాయి. ఇంజను పైకప్పు మీది చట్రం రాసుకుంటూ పోయే తీగ, దానిని మోసే పై తీగ, ఈ రెండూ కలిసి దాదాపు 2000 కిలోల బిగువుతో ఉండాలి. బిగువు తగ్గితే తీగ వేలాడి చట్రంలో చిక్కుకుంటుంది, పెరిగితే తెగుతుంది. అందుచేత తీగల కొసలను కొంత దూరానికి ఒకసారి స్తంభం దగ్గర గిలకల మీదుగా తిప్పి, వాటికి బరువు దిమ్మెలను వేలాడదీస్తారు. అయిదింతల లాభం ఉన్న ఏర్పాటులో 400 కిలోల దిమ్మెలు 2000 కిలోల బిగువును నిలుపుతాయి. 750 మీటర్ల రాగి తీగ, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరిగితే సుమారు అరమీటరు సాగుతుంది, దిమ్మెలు దానికి అయిదు రెట్లు, అంటే రెండున్నర మీటర్లు, కిందికి దిగుతాయి. చలికాలపు తెల్లవారుజామున అవి స్తంభం మీద ఎత్తున ఉంటాయి, మే నెల మధ్యాహ్నానికి నేలకు దగ్గరవుతాయి.